బోరు నీళ్ళూ కందిపప్పూ

పోయిన నెల మా ఇంటావిడ మాచర్లలో చెల్లెలి మనవరాలి బారసాలకు ప్రయాణమై, బస్సుకు టైమవుతున్నా వంటింటి గుమ్మంలో ఓ నిమిషం ఆగింది. "రెండు రోజులే కదా, ఏదో ఒకటి వండుకు తినండి" అంది. ఆ మాట ఎవరితో అన్నదో నాకు ఇప్పటికీ తేలలేదు. గురజాలలో ఆ పూట ఇంట్లో మిగిలింది ఇద్దరమే. ముప్పై నాలుగేళ్ళు హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన నేనొకణ్ణి. ఇంజనీరింగ్ ముగించి, బెంగుళూరు ఉద్యోగంలో చేరడానికి నెల గడువున్న మా మనవడొకడు. నిద్రలో లేపి అడిగినా బాయిల్ సూత్రం చెబుతాను గానీ, కందిపప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో చెప్పలేను. వాడి సంగతి అడక్కండి. నాలుగేళ్ళు హాస్టల్లో నూడుల్స్ మీద బతికినవాడు.

"తాతయ్యా, అక్కడ గది తీసుకుంటే ఎటూ నేనే వండుకోవాలి. ఇవాళ రాత్రి భోజనం నాది" అన్నాడు చొక్కా చేతులు మడుస్తూ. అన్నం, గోంగూర పప్పు, నాలుగు చల్ల మిరపకాయలు, గడ్డపెరుగు. పలనాటివాడికి అంతకు మించి ఏం కావాలి?

నేను స్టూలు తెచ్చుకుని గుమ్మం పక్కన కూచున్నాను, ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన డీఈఓ లాగా.

"ఎసరు ఎంత పెట్టాలి?" మొదటి ప్రశ్నే గట్టిది. నాకు తెలిసింది మా అమ్మ లెక్క ఒక్కటే. కడిగిన బియ్యం గిన్నెలో చదునుగా సర్ది, వేలు నిలబెడితే బియ్యం పైన నీళ్ళు మొదటి కణుపు దాకా రావాలి. వాడు నవ్వాడు. "ఏ గిన్నె అయినా అదే కణుపా? ఎన్ని బియ్యమైనా అదే కణుపా?"

అదే కణుపు. బియ్యపు గింజ ఉడకడానికి తాగే నీళ్ళు ఇంచుమించు దాని కొలతే. గ్లాసు బియ్యానికి గ్లాసు నీళ్ళు, కాస్త అటూ ఇటూ. మనం పోసే మిగతా నీళ్ళు ఆవిరి వాటా. ఎంత ఆవిరి పోతుందన్నది గిన్నె మూతి వెడల్పును బట్టీ, పొయ్యి మీదున్న సేపును బట్టీ ఉంటుంది గానీ, బియ్యం ఎన్ని పోశామన్న దాన్ని బట్టి కాదు. అందుకే గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు సరిపోయాయి కదా అని నాలుగు గ్లాసులకు ఎనిమిది పోస్తే అన్నం చిమిడిపోతుంది. వేలి పద్ధతిలో గింజల సందుల్లో నిండే నీళ్ళు బియ్యంతో పాటు పెరుగుతాయి, పైన నిలిచే కణుపెత్తు మాత్రం మారదు. వెడల్పు గిన్నె పెడితే ఆ కణుపెత్తులోనే ఎక్కువ నీళ్ళు పడతాయి, ఎక్కువ ఆవిరీ పోతుంది. లెక్కకు లెక్క సరి. అక్షరం ముక్క రాని మా అమ్మ ఇంత గణితం వేలి కొసన పెట్టుకుని తిరిగింది.

మా డబ్బాలో ఉన్నవి బీపీటీ 5204 బియ్యం. సాంబ మసూరి అన్నా అదే. 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన వంగడం. బీపీటీ అంటే బాపట్లే మరి. కొత్త బియ్యమైతే నీళ్ళు తగ్గించమన్నాను. బియ్యం పాతబడేకొద్దీ గింజ గట్టిపడి, ఉడికేటప్పుడు పిండిని బయటికి వదలదు, నీళ్ళు మాత్రం ఎక్కువ తాగుతుంది. కొత్త బియ్యం ఉన్న పిండంతా గంజిలోకి వదిలేసి ముద్దవుతుంది.

నిజానికి నా చిన్నతనంలో ఈ ఎసరు పంచాయతీ రోజూ ఉండేది కాదు. బియ్యం పండగలకూ చుట్టాలకూ. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళొదిలారు. అప్పటికి నేను హైస్కూల్లో ఉన్నాను. అంతకు ముందు మాది జొన్నకూడు. ఈ జొన్నకూటి మీద విసుక్కునే శ్రీనాథుడు చాటువులు చెప్పాడని ప్రతీతి. పాపం, ఆయనకు వేడి వేడి జొన్నరొట్టె ఎవరూ పెట్టలేదేమో. జొన్నపిండిని చన్నీళ్ళతో కలిపితే విరిగిపోతుంది. గోధుమలో ఉన్న జిగురు మాంసకృత్తు జొన్నలో లేదు. మరిగే నీళ్ళు పోస్తే పిండిపదార్థం అక్కడికక్కడే సగం ఉడికి తనే జిగురవుతుంది. మా అమ్మ చేతివేళ్ళు ఆ నీళ్ళకు కాలి కాలి గట్టిపడ్డాయి.

సరే, అన్నం దించాం. కాస్త పలుకుగా ఉంది. మొదటిసారికి ఫర్వాలేదు.

పప్పు దగ్గర కథ అడ్డం తిరిగింది. కందిపప్పు కడిగి కుక్కర్లో పోశాడు. కడిగిన గోంగూర పైన వేశాడు. పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు వేశాడు. గోంగూర పులుపు చాలదేమోనని ఓ చింతపండు రెబ్బ కూడా పడేశాడు. కుళాయి తిప్పి నీళ్ళు పట్టి మూత బిగించాడు. ఆ కుళాయి మా బోరుది. నేను చూస్తూనే ఉన్నాను, ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం తెలిస్తే కదా!

మూడు విజిళ్ళు వచ్చాయి. మూత తీస్తే గోంగూర నలిగి ముద్దయింది, పప్పు మాత్రం గింజకు గింజ విడిగా కంకరలా ఉంది. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. తొమ్మిదో కూతకు పక్కింటావిడ గోడ మీంచి, "ఏం వండుతున్నారు మాస్టారూ, ఎముకలా?" అంది.

ఆవిడకు తెలియక అన్నా చరిత్ర ప్రకారం సరిగ్గానే అంది. మన కుక్కర్‌కు ముత్తాత లాంటి పాత్రను డెనీ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన 1679లో లండన్లో రాయల్ సొసైటీకి చూపించింది ఎముకలు మెత్తబెట్టడానికే. పాత్ర పేలిపోకుండా ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వు కూడా ఆయన పెట్టిందే. 1682లో ఆ సొసైటీ సభ్యులకు దాంట్లోనే వండి రాత్రి భోజనం పెట్టాడు. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. మూత బిగించి ఆవిరిని లోపలే అణిస్తే మరిగే వేడి సుమారు 120కి చేరుతుంది. ఇరవై డిగ్రీలే కదా అనుకోకండి. పది డిగ్రీలకు ఒకసారి ఉడికే వేగం దాదాపు రెట్టింపవుతుందని మోటు లెక్క. అంటే నాలుగు రెట్లు.

మనవడు ఆసాంతం పెద్ద మంట మీదే ఉంచాడు. గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కేలరీలు చాలు. అదే గ్రామును ఆవిరిగా మార్చాలంటే ఇంకో 540 కావాలి. మొదటి కూత వచ్చాక కూడా పెద్ద మంట పెట్టామంటే 14.2 కిలోల సిలిండరుతో ఆవిరి అమ్ముకుంటున్నట్టే. అసలు నాకు ఈ విజిళ్ళ లెక్కే నచ్చదు. మంట పెద్దదైతే అయిదు నిమిషాల్లో నాలుగు కూస్తుంది, చిన్నదైతే పావుగంటలో ఒకటి. మొదటి కూత రాగానే సెగ తగ్గించి గడియారం చూసుకోవడమే పద్ధతి. ఇంకోమాట, పప్పు వండేటప్పుడు కుక్కరు సగానికి మించి నింపకండి. పప్పు నురుగు ఆవిరి గొట్టంలో అడ్డం పడితే ప్రమాదం.

ఆ రాత్రి పెరుగన్నం, చల్ల మిరపకాయలు తిన్నాం. తొమ్మిదిన్నరకు మాచర్లకు ఫోన్ చేశాడు వాడు. స్పీకర్లో పెట్టాడు.

"నానమ్మా, పప్పు ఉడకలేదు."

"ఏం నీళ్ళు పోశావు నాన్నా?" వెంటనే అడిగింది ఆవిడ. పప్పు ఎలాంటిదనీ అడగలేదు, ఎన్ని విజిళ్ళనీ అడగలేదు.

"కుళాయి నీళ్ళు."

"బోరు నీళ్ళతో కందిపప్పు ఎక్కడన్నా ఉడుకుతుందా? క్యాన్ నీళ్ళు పోయాలి. పులుపు కూడా ముందే వేశావా? ఉప్పూ వేశావా? ఇంకేం ఉడుకుతుంది! మీ తాతయ్య పక్కనే ఉన్నారుగా, ఆయనేం చేస్తున్నారు?"

ఆ ప్రశ్నకు జవాబివ్వకుండా ఫోన్ పెట్టేశాం.

ఇక ఇక్కణ్ణుంచి నా సబ్జెక్టు. కందిగింజ లోపల సూక్ష్మమైన గదులుంటాయి. ఇటుకల మధ్య డంగు సున్నంలా ఆ గదుల గోడలను అతికి ఉంచేది పెక్టిన్ అనే జిగురు. పప్పు ఉడకడమంటే ఈ జిగురు కరిగి గదులు ఒకదాన్నొకటి వదిలేయడం. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే అవి పెక్టిన్ పోగుల మధ్య దూరి కొక్కేల్లా పట్టుకుంటాయి. జిగురు కరగదు. బూడిద గుమ్మడికాయతో మిఠాయి చేసేవాళ్ళు ముక్కలను సున్నపు తేటలో నానబెట్టేది దీనికోసమే. ఎంత పాకంలో ఉడికినా ముక్క నలగదు. వాళ్ళకు కావలసిందే మాకు తగులుకుంది.

ఈ కాల్షియం ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? పిడుగురాళ్ళ మీదుగా వచ్చినవాళ్ళు సున్నపు బట్టీలు చూసే ఉంటారు. దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు అందుకే వెలిశాయి. మా ఇంటి వంటగట్టు మీద పరిచింది మాచర్ల నాపరాయి, అదీ సున్నపురాయి జాతే. పలనాడు కింద చాలాచోట్ల ఉన్నది కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న ఈ రాయే. వాన చినుకు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లనవుతుంది. ఆ పులుపుతో రాతిని కరిగించుకుంటూ భూమిలోకి దిగి మా బోరులో తేలుతుంది. మావైపు వీటిని ఉప్పునీళ్ళంటారు. స్కూలు పుస్తకంలో కఠిన జలం. నిజానికి మనం తాగేది కరిగిన గురజాల కొండ.

నమ్మకపోతే మీ కెటిల్ అడుగున పేరుకున్న తెల్ల పెచ్చును గీకి చూడండి. నీళ్ళు కాగితే ఆ వాయువు ఎగిరిపోయి, కరిగిన రాయి తిరిగి రాయవుతుంది. పిడుగురాళ్ళ బట్టీలో 900 డిగ్రీల దగ్గర కాల్చేదీ ఆ పదార్థాన్నే. ఆ పెచ్చు మీద చింతపండు పులుసు పోసి గంటసేపు ఉంచితే మళ్ళీ కరిగిపోతుంది. నాపరాయి గట్టు మీద నిమ్మచెక్క బోర్లిస్తే మచ్చ పడేదీ ఇందుకే. మా ఇంటావిడ ఈ మచ్చల గురించి నన్ను ముప్పై ఏళ్ళుగా తిడుతోంది.

ఇంకో తేలిక పరీక్ష ఉంది. బోరు నీళ్ళతో సబ్బు రుద్దితే నురగ రాదు, విరిగిన పాలలాంటి తెట్టు కడుతుంది. తాగే నీటిలో ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదనీ, వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా సరేననీ మన దేశపు ప్రమాణం. ఈ గట్టిదనం వంటకూ బట్టలకూ చేటు గానీ మనిషికి పెద్దగా చేటు కాదు. ఫ్లోరైడు సంగతి వేరు. అది కొన్ని బోర్లలో ఉంటుంది, మరిగించినా పోదు. రెండూ ఒకటనుకోకండి.

పులుపు మాటా నిజమే. చింతపండు, గోంగూర, పచ్చిమామిడి ఏదైనా సరే, ఆమ్లంలో ఆ గదుల గోడలు గట్టిగా నిలబడతాయి. పప్పు మెత్తబడ్డాకే పులుపు వేయాలి. పసరు పచ్చని గోంగూర ఆకు కుక్కర్లోంచి ఖాకీ రంగులో వచ్చిందేమని వాడు అడిగాడు. ఆకు పచ్చదనం నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. పులుపు దాన్ని ఊడగొడుతుంది. దాంతో రంగు పోతుంది.

ఉప్పు దగ్గర మాత్రం నాకు అనుమానం వచ్చింది. ఉప్పులో ఉన్నది సోడియం. అది పెక్టిన్‌ను బిగించదు, పైగా అక్కడ ముందే కూచున్న కాల్షియాన్ని తోసి తను కూచుంటుంది. ఆ లెక్కన ఉప్పు పప్పుకు మేలే చేయాలి.

మర్నాడు సాయంత్రం ప్రయోగం పెట్టాం. అయిదు చిన్న స్టీలు గ్లాసులు, ఒక్కోదానిలో గుప్పెడు కందిపప్పు. ఒకదానిలో బోరు నీళ్ళు. రెండోదానిలో క్యాన్ నీళ్ళు. మూడోదానిలో క్యాన్ నీళ్ళూ ఉప్పూ. నాలుగోదానిలో క్యాన్ నీళ్ళూ చింతపండూ. అయిదో దానిలో పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, అడుగు కదలకుండా తేర్చిన బోరు నీళ్ళు. అయిదూ ఒకే కుక్కర్లో నిలబెట్టాం కాబట్టి వేడిలో తేడా లేదు. మొదటి కూత తర్వాత సన్న సెగ మీద పదిహేను నిమిషాలు ఉంచాం. మనవడు నోటుబుక్ తీశాడు. నాకు మళ్ళీ ల్యాబులో నిలబడ్డట్టు అనిపించి కళ్ళజోడు తుడుచుకున్నాను.

క్యాన్ నీళ్ళ పప్పు గరిటె తగలగానే వెన్నలా జారింది. ఉప్పు వేసిందీ అంతే, రవ్వంత తేడా లేదు. చింతపండుది పలుకు పలుకుగా మిగిలింది. బోరు నీళ్ళది బద్ద బద్దగానే ఉంది. మరిగించి తేర్చిన నీళ్ళది క్యాన్ పప్పుకు ఒక మెట్టు తక్కువగా ఉడికింది. మరిగిస్తే బైకార్బొనేట్ల గట్టిదనమే పోతుంది, సల్ఫేట్లది అలాగే ఉంటుంది. అందుకే ఆ ఒక్క మెట్టు. మా ఇంటావిడ చెప్పిన మూడు మాటల్లో రెండు ఖాయం, ఉప్పు మాట తేలిపోయింది.

హోటళ్ళలో ఇన్ని తిప్పలు పడరు, చిటికెడు వంటసోడా వేస్తారు. క్షారంలో పెక్టిన్ ఇట్టే కరుగుతుంది. కానీ దాంతో పాటు పప్పులోని బీ1 విటమిన్ కూడా పోతుంది. ఇంట్లో వద్దంటాను. ఇంకో తమాషా వినండి. నీళ్ళలోని సున్నాన్ని సున్నంతోనే తీయొచ్చని 1841లో స్కాట్లాండు ఆచార్యుడు థామస్ క్లార్క్ పేటెంటు తీసుకున్నాడు. లెక్క ప్రకారం సున్నపు తేట కలిపితే, కరిగి ఉన్న సున్నం కూడా దానితో కలిసి అడుగున కూచుంటుంది. ఊళ్ళకు నీళ్ళు సరఫరా చేసేచోట ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. ఇంట్లో చేయకండి, పాళ్ళు తప్పితే నోరు పొక్కుతుంది.

ఉడికిన పప్పులో విడిగా మగ్గబెట్టిన గోంగూర కలిపి ఎనిపాం. ఇక తిరగమోత. "పప్పు ఉడికిందిగా, ఇది దేనికి తాతయ్యా?" అన్నాడు. నీళ్ళలో ఉడికేది 100 దగ్గరో, కుక్కర్లో అయితే 120 దగ్గరో ఆగిపోతుంది. వేగిన వాసన, ఎర్రటి రంగు రావాలంటే 140 దాటాలి. అది నూనెలో సాధ్యం. మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి ఆ రంగూ రుచీ పుట్టిస్తాయని 1912లో లూయీ కమీ మయ్యార్ రాశాడు. పైగా వెల్లుల్లి, ఇంగువ, ఎండుమిరప వాసనలు నీళ్ళ కంటే నూనెలో బాగా దిగుతాయి. నూనె కాగిందో లేదో ఒక్క ఆవగింజ వేసి చూడమన్నాను. గింజలో ఉన్న కాస్త తేమ ఆవిరై తోలు పగలగొట్టుకుని వస్తే అదే చిటపట.

ఎండుమిరపకాయలు ఒక్క క్షణం ఎక్కువుంచాడు. ఇంకేముంది, ఇద్దరం దగ్గుతూ వీధిలోకి పరుగు. గోడవతల పక్కింటివాళ్ళు కూడా దగ్గారు. మిరపలోని కాప్సైసిన్ పొగతో పాటు లేచి గొంతులో నరాలకు తగులుతుంది. 43 డిగ్రీల వేడి దాటితే మంట అని మెదడుకు చెప్పే గ్రాహకం ఒకటి ఆ నరాల కొసన ఉంది. కాప్సైసిన్ దాన్నే మీట నొక్కినట్టు నొక్కుతుంది. అంటే నోరు కాలదు, కాలిందని నరం అబద్ధం చెబుతుంది. ఈ గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. పక్షుల్లో ఆ గ్రాహకానికి కాప్సైసిన్ పట్టదు. అందుకే చిలకలు పండుమిరపకాయలు హాయిగా కొరుకుతాయి. కారం ఎంతో కొలిచే పద్ధతిని విల్బర్ స్కోవిల్ చెప్పిందీ 1912లోనే. ఆ యేడు తిరగమోత ఎవరికో బాగా కుదిరినట్టుంది.

కారం తగ్గడానికి మనవడు చెంబెడు నీళ్ళు తాగాడు. లాభం లేదు, కాప్సైసిన్ నీళ్ళలో కరగదు. మజ్జిగ ఇచ్చాను. పాలలోని కేసీన్ దాన్ని పట్టుకుని లాగేస్తుంది. పలనాటి విస్తట్లో చివరికి పెరుగు ఎందుకుంటుందో వాడికి అప్పుడు తెలిసింది.

పప్పు బాగుంది. ఉప్పు కాస్త తగ్గింది, అంతే. పెద్ద గిన్నె ఖాళీ చేశాం. పలనాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒక్క చాప మీద కూచోబెట్టి పెట్టిన చాపకూడు గుర్తొచ్చి, "ఆ రోజుల్లో అంత పప్పు ఏ నీళ్ళతో ఉడికించారో" అన్నాడు వాడు. ఎవరు తిన్నారో విన్నాను గానీ, ఎవరు వండారో నేను విన్న కథల్లో లేదు. నాగులేటి నీళ్ళో, వాననీళ్ళో అయ్యుంటాయి.

మూడో రోజు మా ఇంటావిడ వచ్చింది. నోటుబుక్ చూపించాం. ఉప్పు గ్లాసు ఫలితం రెండుసార్లు చదివింది. "ఉడికితే ఉడకనివ్వండి, నేను మాత్రం తర్వాతే వేస్తాను" అని బుక్ మూసి, నాపరాయి మీద కొత్తగా పడ్డ చింతపండు మచ్చ వైపు చూసింది.

మీ ఇంట్లో పప్పు ఉడక్కపోతే అంగడివాణ్ణి అప్పుడే తిట్టకండి. ఎండాకాలాలు రెండు చూసిన పాత పప్పు అయితే ఏ నీళ్ళకూ లొంగదు, అది నిజం. కానీ ముందు నీళ్ళు కాచే గిన్నె అడుగు చూడండి. తెల్ల పెచ్చు కనిపిస్తే పప్పుకు వేరే నీళ్ళు పోసి, పులుపు ఆఖర్న వేయండి.